పాతబండితో భూప్రదక్షిణము

సంతలో ఎద్దును కొనబోవు రైతు ముందుగా దాని పండ్లు చూచును. పిమ్మట మూపుపై చేయివేసి, కాడి రాచిన పుండ్లున్నవేమో తడవి చూచును. నాలుగడుగులు నడిపించి, కాలు ఈడ్చుచున్నదేమో కనిపెట్టును. అమ్మువాని మాటకంటె ఎద్దు నడకనే అతడు నమ్మును. అయినను ఆ రైతు మనస్సులో వేసికొను మొదటి ప్రశ్న ఎద్దును గూర్చినది కాదు, తన పనిని గూర్చినది. నల్లరేగడి దున్నుటకు కావలసిన ఎద్దు వేరు. దూరపు బాటను బండిలాగుటకు కావలసిన ఎద్దు వేరు.

మోటారుబండికి పండ్లు లేవు. కాని బాటలేని చోటను నడువగల పాతబండి నొకదానిని కొని దేశదేశములు తిరుగవలెనని సంకల్పించువాడును, ఆ రైతు చేయు పరీక్షనే చేయవలసియున్నది. అట్టి బండ్లు లోకమున ఎట్లు పుట్టినవో, అట్టిదానిని ఒకదానిని ఎన్నుకొని ప్రాణములొడ్డి భూమిని చుట్టివచ్చిన ఒక మనుష్యుని గతి ఏమైనదో నేడు మీకు మనవి చేయుదును.

1940వ సంవత్సరమున ఐరోపాలో యుద్ధము సాగుచుండగా, అమెరికా సైన్యమువారు ఒక క్రొత్తరకపు బండి కావలెనని మోటారు కంపెనీలకు ప్రకటించిరి. అది చిన్నదిగాను తేలికగాను ఉండవలెను. నాలుగు చక్రములును ఇంజనుచేత తిరుగవలెను. వాడుకలోనున్న మోటారుకార్లకు రెండు చక్రములు మాత్రమే ఇంజనుచే తిరుగును. ఆ రెండును బురదలో దిగబడినచో బండి నిలిచిపోవును. నాలుగును తిరిగినచో, రెండు జారినను తక్కిన రెండు నేలను పట్టి బండిని బయటికి లాగును. బాంటం అను చిన్న కంపెనీవారు 49 దినముల గడువులో మొదటి బండిని తయారుచేసి, 1940 సెప్టెంబరు 23వ తేదీన సైన్యమునకు అప్పగించిరి. అనంతరము విల్లీసు కంపెనీవారును ఫోర్డు కంపెనీవారును ఈ బండ్లను విస్తారముగా నిర్మించిరి. యుద్ధము ముగియునప్పటికి వాని సంఖ్య ఆరులక్షలను మించెను. ఇదియే జీపు.

ఈ జీపునందు ఆడంబరమేమియు లేదు. ఇంజను బలము 60 గుఱ్ఱములు. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడిమి దూరము 80 అంగుళములు. తలుపులు లేవు, గట్టి పైకప్పు లేదు. కాని దానియందొక గొప్ప గుణము కలదు. విల్లీసువారును ఫోర్డువారును ఒకే నమూనాను అనుసరించి చేసినందున, ఒకరి బండిలో విరిగిన భాగమునకు బదులు సాధారణముగా మరియొకరి బండి భాగమును బిగింపవచ్చును. ఆఫ్రికా ఎడారులకును బర్మా అడవులకును ఈ బండ్లు పోయినవి. వానితో విడిభాగములును, మరమ్మతు నేర్చిన చేతులును పోయినవి. బండి బలముకంటె ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన.

1945లో యుద్ధము ముగిసిన పిమ్మట సైన్యమునకు అక్కఱలేని జీపులు వేలమువేయబడినవి. ఇంగ్లండులో రోవరు కంపెనీ ప్రధాన ఇంజనీరైన మారిసు విల్క్సుకు వేల్సుదేశపు ఆంగ్లెసీ ద్వీపమున పొలముండెను. ఆ పొలములో అతడు వాడుచున్నది అట్టి పాతజీపే. ఇట్టి బండిని తామే ఏల చేయరాదని అతనికి తోచెను. మొదటి నమూనాను జీపు చట్రముమీదనే కట్టి పరీక్షించిరి. 1948 ఏప్రిల్ మాసాంతమున ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనమున లోకమునకు చూపబడిన లాండురోవరు బండి ఈ విధముగా పుట్టినది. ఆనాడు ఇంగ్లండులో ఉక్కునకు కరవు. అందుచేత బండి పైభాగమును అల్యూమినియపు మిశ్రలోహముతో చేసిరి. కరవువలన వచ్చిన ఆ ఏర్పాటే తుప్పునుండి ఆ బండ్లను అనేక సంవత్సరములు కాపాడెను. మనదేశమునను బొంబాయిలో మహీంద్రావారు విల్లీసు జీపులను కూర్చుట ప్రారంభించిరి. ఇప్పటికిని మనము కొండదారులలో చూచుచున్న బండ్లు పెక్కింటికి మూలపురుషుడు ఆ యుద్ధపు జీపేయని చెప్పవచ్చును.

ఇక మన కథానాయకుని సంగతి. బెన్ కార్లిన్ అనునతడు పశ్చిమ ఆస్ట్రేలియాలో 1912లో జన్మించెను. యుద్ధకాలమున భారతసైన్యపు ఇంజనీరు శాఖలో పనిచేసి మేజరు పదవిని పొందెను. 1946లో వంగదేశమున కలైకుండ విమానాశ్రయములో అతనికొక వింతబండి కనబడెను. జీపు యంత్రములనే ఉక్కుపడవలో అమర్చి, నేలమీదను నీటిమీదను పోవునట్లు ఫోర్డువారు చేసిన బండి అది. కొంచెము సవరించినచో దీనితో భూమిని చుట్టిరావచ్చునని కార్లిన్ అనెను. ప్రక్కనున్న మిత్రునికి అది వెఱ్ఱిమాటగా తోచెను.

ఆ మిత్రుని మాట కొట్టివేయదగినది కాదు. ఆ బండ్లు 12,000కు పైగా తయారైనను, సైన్యమున వానికి మంచిపేరు రాలేదు. మామూలు జీపుకంటె అవి సుమారు వెయ్యిపౌనులు అధికముగా తూగుచుండెను. ఇంజను మాత్రము అదియే. నీటిలో దిగినప్పుడు అంచు నీటికి మిక్కిలి దగ్గరగానుండి, అలలు లోపలికి వచ్చుచుండెను. నదులు దాటుటకు చేసినదానిని మహాసముద్రము దాటుటకు ఎన్నుకొనుట, మడిచెక్కలో దున్ను గిత్తను కాశీయాత్రకు కట్టుటవంటిది. అయినను కార్లిన్ హృదయము ముందే నిశ్చయించుకొనెను. 1947లో అమెరికాలో జరిగిన ప్రభుత్వపు వేలములో సుమారు తొమ్మిదివందల డాలర్లకు అట్టి పాతబండి నొకదానిని కొనెను.

ఆ వెల మొదటి వెల మాత్రమే. బండికి ముందు వాడియైన ముక్కును కట్టవలసివచ్చెను. పైన గదివలె కప్పు వేయవలసివచ్చెను. వారములకొలది ప్రయాణమునకు చాలునంత పెట్రోలు పట్టు తొట్లను చేర్చవలసివచ్చెను. చేర్చిన ప్రతి వస్తువును బరువును పెంచెను. బరువు పెరిగినకొలది బండి నీటిలో మఱింత దిగబడెను. 1948లో, భారతదేశమున పరిచితురాలైన అమెరికా రెడ్‌క్రాసు నర్సు ఎలినోర్‌ను వివాహమాడి, ఆమెతోగూడ న్యూయార్కునుండి బయలుదేరెను. కొలదికాలములోనే మరల తిరిగివచ్చిరి. పిమ్మట చేసిన ప్రయత్నములు కూడ విఫలములైనవి. ఒకసారి ఇంజను పొగ గదిలోనికి కారి ఇద్దరికిని ప్రాణాపాయము కలిగెను. మరియొకసారి నీటిని త్రోయు చక్రపు ఇరుసువద్ద బేరింగు చెడి, నడిసముద్రమున దినములకొలది దిక్కులేక తేలియాడిరి. నూనెయోడ యొకటి వారిని రక్షించెను.

ఎట్టకేలకు 1950 జూలై 19వ తేదీన కెనడాలోని హాలిఫాక్సునుండి బయలుదేరి, 32 దినములు సముద్రముమీదనుండి, అజోర్సు దీవులలోని ఫ్లోరెసు ద్వీపమును చేరిరి. 1951 ఫిబ్రవరిలో ఆఫ్రికా ఒడ్డును చేరిరి. అచ్చటినుండి ఐరోపామీదుగా ఇంగ్లండు పోయి, మరమ్మతులకును ధనము కూర్చుకొనుటకును కొన్ని సంవత్సరములు ఆగవలసివచ్చెను. 1955లో మరల బయలుదేరి తుర్కీ, ఇరాకు, ఇరాను, పాకిస్తాను దాటి కలకత్తా ప్రవేశించిరి. ఏ వంగదేశమున ఆ కోరిక పుట్టెనో అచ్చటికే ఆ బండి తన చక్రములమీద వచ్చెను. కాని యాత్ర ముగియునాటికి ఎలినోర్ అతనితో లేదు. సముద్రము ఆమెకు సరిపడలేదు; దాంపత్యమును నిలువలేదు. కార్లిన్ మాత్రము విడువలేదు. బర్మా, సయాము, జపానులమీదుగా పోయి, 1957లో సముద్రమార్గమున అలాస్కా దీవులను చేరి, 1958 మే 13వ తేదీన కెనడాలోని మాంట్రియలులో యాత్రను ముగించెను. అతడు సముద్రముమీద సుమారు 11,000 మైళ్లును, భూమిమీద సుమారు 39,000 మైళ్లును ప్రయాణించెను.

ఇప్పుడు మనము పెద్దమనుష్యులవలె తీర్పు చెప్పవలెను. కార్లిన్ మంచిబండినే ఎన్నుకొనెనా? నా యభిప్రాయమున అతని ఎన్నిక సగము తప్పు, సగము ఒప్పు. పడవ భాగము తప్పు. దానివలననే ప్రమాదములు, ఆలస్యము, ఋణములు. యంత్రభాగము ఒప్పు. ఆ వింతరూపము లోపల కొట్టుకొనుచున్నది లోకమంతటికి తెలిసిన జీపు గుండె. సైన్యములు పోయిన ప్రతి దేశమునను దాని మర్మమెరిగినవారుండిరి. పైగా కార్లిన్ స్వయముగా ఇంజనీరు. విప్పుటయు బిగించుటయు అతని చేతిలోని పని. అట్టి విద్యలేనివాడు అదే బండిని కొనియుండినచో ఈ కథ మొదటి వేసవిలోనే సముద్రగర్భమున ముగిసియుండును.

దీనికి ప్రక్కన మరియొక ఉదాహరణమును పెట్టి చూతము. 1955 సెప్టెంబరు 1వ తేదీన ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల యువకులు ఆరుగురు రెండు లాండురోవరు బండ్లతో లండనునుండి బయలుదేరి, భారతదేశముమీదుగా, 1956 మార్చి 6వ తేదీన సింగపూరు చేరిరి. వానిలో ‘ఆక్స్‌ఫర్డు’ అను పేరుగల బండి తరువాత ఎక్కడెక్కడనో తిరిగి, చివరకు అట్లాంటికు నడుమనున్న సెంటు హెలీనా ద్వీపమున పడియుండెను. దానిని ఇంగ్లండునకు తెచ్చి బాగుచేసిరి. 2019 ఆగస్టు 25వ తేదీన అది సింగపూరునుండి బయలుదేరి, 111 దినములలో లండను చేరెను. అప్పటికి దాని వయస్సు 64 సంవత్సరములు. మొదటి యాత్రలో పాల్గొన్న టిం స్లెసరు అస్వస్థతచే ఆగిపోగా, అతని మనుమడు తాతకు బదులుగా పోయెను. పాతదనమే దోషమైనచో ఈ పని జరిగియుండదు. సులభముగా విప్పి బాగుచేయుటకు వీలైన నిర్మాణము, ఓపికగా బాగుచేసిన చేతులు, ఈ రెండును కలిసి దానిని నడిపించినవి.

కావున దూరప్రయాణమునకు పాతబండిని కొనువాడు ఏమి చూడవలెను? ముందుగా తాను పోవు బాటను కాగితముమీద వ్రాసికొని, ఆ బాటలో ఏ బండ్లు ఎక్కువగా తిరుగుచున్నవో విచారింపవలెను. దారిలోని ఊళ్లలో భాగములు దొరకని మేలురకపు బండికంటె, ప్రతి బస్తీలోను బాగుచేయువారున్న సామాన్యపు బండి మేలు.

పిమ్మట బండిని చూడవలెను. ఇంజను చల్లగానున్నప్పుడే దానిని నడిపించుమని అడుగవలెను. వేడిగానున్న ఇంజను తన రోగమును దాచిపెట్టును. నీలిపొగ వచ్చినచో నూనె కాలిపోవుచున్నదని యర్థము. ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లని ఆవిరి ఆగక వచ్చుచు, నూనె మజ్జిగవలె తెల్లబడియున్నచో లోపల నీరు కలియుచున్నదని తెలియవలెను. తరువాత నేలపై పరుండి చట్రమును చూడవలెను. తుప్పు తిన్నచోట సుత్తితో తట్టినచో బోలుచప్పుడు వచ్చును. బండియంతయు పాతదై క్రిందిభాగమునకు మాత్రము క్రొత్తరంగు పూసియున్నచో, కొమ్ములకు రంగువేసిన ముసలి ఎద్దును చూచినట్లే అనుమానింపవలెను. కమానుపట్టెలు చట్రమునకు కలియుచోట పగుళ్లున్నవేమో వెదకవలెను. టైర్లు ఒకవైపే అరిగియున్నచో ఇరుసో చట్రమో వంగియుండవచ్చును. ముందు చక్రములకు శక్తినిచ్చు గేరు పడుచున్నదో లేదో, పడినది మరల వచ్చుచున్నదో లేదో మెత్తని నేలమీద పరీక్షింపవలెను. పెక్కుబండ్లలో అది సంవత్సరములతరబడి వాడుకలేక బిగిసిపోయియుండును.

చివరిది సొమ్ముమాట. ఉన్న ధనమంతయు కొనుగోలుకే వెచ్చింపరాదు. కొంత మరమ్మతులకు ముడివేసి ఉంచవలెను. కొన్న పిమ్మట ఇంటికి దగ్గరనే కొన్నివందల మైళ్లు నడిపి, విరుగవలసినది విరిగిన తరువాతనే దూరము పోవలెను. బరువును తగ్గించుకొనవలెను, బరువు చేసిన చెరుపు ఎట్టిదో కార్లిన్ కథలో వింటిమి.

కార్లిన్ తన బండికి ‘హాఫ్-సేఫ్’ అని, అనగా సగము క్షేమము అని, పేరుపెట్టెను. చెమటవాసన పోగొట్టు నొక లేపనపు ప్రకటనలోని మాటను పరిహాసముగా తీసికొని పెట్టిన పేరది. అతడు 1981లో మరణించెను. ఆ బండి అతడు చదువుకొనిన పెర్తు నగరపు గిల్డ్‌ఫర్డు పాఠశాలలో భద్రపరుపబడెను. తక్కిన సగము క్షేమమును కార్లిన్ తన చేతిపనిచేత సంపాదించుకొనెను. దానికి పది సంవత్సరములును, ఒక సంసారమును చెల్లించెను. మన పిల్లలు, మనుమలు పాతబండి కొని దూరపు బాట పట్టెదమని వచ్చినప్పుడు వారిని వలదని అడ్డగింప నక్కఱలేదు. ఎక్కడ విరిగినచో ఎవరు బాగుచేయుదురని మాత్రము అడుగుడు. దానికి సరియైన సమాధానము చెప్పగలిగినచో, బేరమునకు వారితోగూడ మీరును పోయి, ఎద్దును చూచిన కన్నులతోనే ఆ బండిని ఒకసారి చూచి రండు.