కెమెరా వెనక్కి చేరిన పిల్లలు

1904లో న్యూయార్క్ ఎథికల్ కల్చర్ స్కూలు ఉపాధ్యాయుడు లూయిస్ హైన్ కెమెరా మోసుకుని ఎల్లిస్ ద్వీపానికి వెళ్లారు. ఓడ దిగి వచ్చే వలస కుటుంబాల ఫొటోలు చూస్తే విద్యార్థులకు వాళ్లమీద గౌరవం కలుగుతుందని ఆ స్కూలు ఆశ. గొప్ప ఆశే. అయినా ఆ వలస పిల్లలు కెమెరా ముందే ఉండిపోయారు.

అలాంటివాళ్లు దాని వెనక్కి చేరడానికి చాలాకాలం పట్టింది. 1969లో వెండీ ఈవాల్డ్ కెనడాలో ఇన్ను ఆదివాసీ పిల్లలకు ఫొటోలు తీయడం నేర్పారు. 2005 ప్రాంతంలో ఆమె ఇంగ్లండులోని మార్గేట్‌కు కొత్తగా వచ్చిపడిన పిల్లలతో పనిచేశారు. ఈలోగా 1998లో, తూర్పు నేపాల్‌లోని భూటాన్ శరణార్థి శిబిరాల్లో పిల్లలకు ఫొటోలు తీయడం నేర్పే ‘రోజ్ క్లాస్’ మొదలైంది.

2013లో ఇరాక్‌లోని దోమీజ్ శిబిరంలో ఇరాన్-ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ రెజా సిరియా పిల్లలకు పాఠాలు చెప్పేవారు. ఒకమ్మాయి తరగతికి ఆలస్యంగా వచ్చింది. ఎందుకని అడిగితే తాను తీసిన ఫొటో చూపించింది: మంచు పేరుకుని బిగుసుకుపోయిన ఆమె బూట్లు. అవి కరిగేదాకా ఆగి వచ్చిందట. శిబిరంలో చలికాలం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒక్కపూట కెమెరాలు పంచి, మంచి బొమ్మలు ఏరుకుపోయి ప్రదర్శన పెట్టడాన్ని చదువని నేను అనలేను. చదువంటే మార్డిన్‌లో జరిగేది. 2014లో సిరియాలోని కోబానీ నుంచి పారిపోయి టర్కీ చేరిన సెర్బెస్ట్ సాలిహ్ అక్కడ ‘సిర్‌ఖానే డార్క్‌రూమ్’ నడిపారు. సిరియా, కుర్దు, టర్కీ పిల్లలు పక్కపక్కనే కూర్చుని రీలు ఎక్కించడం, ఫిల్ము కడగడం, ప్రింటు వేయడం నేర్చుకునేవారు. డార్క్‌రూమ్ లేని ఊళ్లకు ఈ డార్క్‌రూమే బండి మీద వెళ్లేది. 2021లో పుస్తకంగా వచ్చిన వాళ్ల ఫొటోల్లో మనం ఎదురుచూసే ఏడుపు కనబడదు. గెంతులు, స్నేహితులు, పావురాలు, గాల్లో తేలిన కాళ్లు కనబడతాయి. యుద్ధంలోంచి వచ్చిన పిల్లలు యుద్ధాన్నే చూపించాలని ఎవరు శాసించారు?

ఒక భయం మాత్రం నన్ను వదలదు. శరణార్థి ముఖం అచ్చయితే, వెనక ఊళ్లో మిగిలిన బంధువులకు ముప్పు రావచ్చు. అందుకే ఏ ఫొటో బయటికి వెళ్లాలో తేల్చే హక్కు తీసినవాళ్లకూ, అందులో ఉన్నవాళ్లకూ ఉండాలి. ఆ దిశగా పెద్ద అడుగు 2022లో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో పడింది. అక్కడ మొదలైన ‘రోహింగ్యాటోగ్రాఫర్’ పత్రిక వ్యవస్థాపకుడు రోహింగ్యా, ఫొటోలు తీసేదీ రోహింగ్యాలే.