పందికొక్కు సముద్రయానము

కృష్ణానదికి కుడిగట్టున, బెజవాడ కెదురుగా నున్న తాడేపల్లి ప్రాంతపు రైతునకు పందికొక్కును గురించి చెప్పుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. వరిచేని గట్టును గుల్లచేసి కంకులను కలుగులోనికి చేరవేయునది అదియే; గాదె అడుగున కన్నము పెట్టునది అదియే. పదిమంది సొమ్ము మెక్కువానిని మనవారు దానితోనే పోల్చుదురు. ఇంతగా ఎరిగిన ఈ జంతువు పేరే ఆంగ్లమున ‘బాండికూట్’ అయినదన్న సంగతి మాత్రము పెక్కుమంది ఎరుగరు. ఆ మాటకు మూలము తెలుగేయని ఆంగ్ల నిఘంటువులు చెప్పుచున్నవి.

ముందుగా పేరును విచారింతము. కొక్కు అనగా పెద్ద ఎలుక. దానికి ముందు పంది ఊరక చేరలేదు. కొన్నింటి ఒడలు అడుగు పొడవుండును, బరువు కిలో దాటును. బిరుసు వెండ్రుకలు, మన్ను పెల్లగించు అలవాటు, కోపము వచ్చినపుడు గురుగురుమను ధ్వని – ఇవన్నియు దగ్గరనుండి చూచిన వారే ఈ పేరు పెట్టి యుందురు.

ఈ మాట సీమకు ఎట్లు పోయినది? ఆంగ్లేయ వర్తకులు 1611లో మచిలీపట్నమున దిగిరి. 1788లో గుంటూరు సర్కారు వారి వశమయ్యెను. తెలుగువారితో ఇంతకాలము మెలగినవారి చెవిని ఈ మాట పడుట సహజము. పదము మొదటనున్న పకారమును ఊపిరి ఒత్తి పలుకుట వారి అలవాటు. అందుచే మన తేలిక పకారము వారికి బకారమువలె వినబడును. 1789లో అచ్చయిన ఇన్నిస్ మన్రో గ్రంథమున ఈ మాట కానవచ్చును. కాని ఆయన పందికొక్కును, కంపుకొట్టు చుంచును ఒక్కటిగా జమకట్టెను. ఈ రెంటి భేదము మన పల్లెలలో పిల్లవానికైనను తెలియును.

పదియేండ్లకు పొరపాటు మరింత పెరిగినది. 1799లో జార్జి బాస్ అను నావికుడు ఆస్ట్రేలియాలో పొడవు ముక్కుతో నేల త్రవ్వు ఒక జంతువునకు ఈ పేరే వాడెను. అది ఎలుక జాతియే కాదు. కంగారువలె సంచిలో పిల్లను పెంచునది. అయినను పేరు అచటనే స్థిరపడినది. పై ఆకు కదలకుండ దుంపలను దొంగిలించుటకు కూడ ఆస్ట్రేలియావారు ఈ మాటనే క్రియగా వాడిరి. మన పందికొక్కునకు న్యాయము చేసినది శాస్త్రము: 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే దాని ప్రజాతికి ‘బాండికోటా’ అని పేరిడెను. 1886లో యూల్, బర్నెల్ పండితులు తమ ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువున దీని తెలుగు మూలమును తెలిపిరి. 2018లో కేరళ యువకులు, మనుష్యుడు దిగనక్కరలేకుండ మురుగు గుంతలను శుభ్రపరచు యంత్రమును రూపొందించి దానికి ‘బాండికూట్’ అని పేరు పెట్టిరి. సీమకు పోయిన మాట వేషము మార్చుకొని దేశమునకు తిరిగి వచ్చినది.

ఇందు మనము గ్రహింపవలసిన దొకటి కలదు. బడిపిల్లలు బాండికూట్ అనునది నాగరికమైన మాటయనియు, పందికొక్కు మోటుమాటయనియు తలచుట తగదు. బాండికూట్ అన్నచో జంతువు పేరు మాత్రమే తెలియును; పందికొక్కు అన్నచో దాని రూపము, నడత, అరుపు తెలియును. కలుగు పోకడ కనిపెట్టి పొగబెట్టి ఎలుకలను పట్టు యానాదులు, రాత్రులు గట్లు కాచిన రైతులు సంపాదించిన ఎరుక వంటిదే ఈ పేరున నిలిచియున్నది. ప్రపంచము మన మాటను తీసికొన్నది. అందలి అర్థము మాత్రము మనవద్దనే ఉన్నది. దానిని పోగొట్టుకొనకుండుట మన బాధ్యత.