అరకు కొండలు, ఇంజనీరింగు చదువు, మూడు భాషలు

అరకు రైలెక్కిన తెలుగువాళ్ళందరూ సొరంగాలు లెక్కపెట్టినవాళ్ళే. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్ళే ఆ మార్గంలో మొత్తం 58 సొరంగాలున్నాయంటారు. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకూ, అక్కణ్ణుంచి జపానుకూ చేర్చడం కోసం 1960లలో ఈ కొండలను తొలిచారు. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అంతకు కొన్నేళ్ళ ముందే, 1955లో, ఇదే కనుమల్లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. కాబట్టి తూర్పు కనుమల్లో ఇంజనీరింగుకు కొదవ లేదు. ఆ విద్య చదవాలంటే ఈ కొండల పిల్లలు ఏమేం దాటవలసివచ్చిందన్న సంగతి మాత్రం మన చర్చల్లోకి అరుదుగా వస్తుంది. ఈ టపా దాని గురించే.

ముందు కళాశాలల సంగతి. మద్రాసులో 1794లో సర్వే పాఠశాలగా పుట్టిన సంస్థ 1859లో సివిల్ ఇంజనీరింగు కళాశాల అయింది. చాలాకాలం పాటు ఈ చదువు కోరిన ఉత్తర కోస్తా కుర్రాళ్ళకు మద్రాసు ప్రయాణం తప్పేది కాదు. 1946లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు శాఖ వచ్చింది. అదే ఏడు విశాఖపట్నం పేరుతో మొదలైన ప్రభుత్వ కళాశాల తర్వాత కాకినాడకు తరలింది. మైదానపు విద్యార్థికి దూరం తగ్గింది. అరకు నుంచి విశాఖ కూడా నూరు కిలోమీటర్ల పైచిలుకే. అయితే కొండపిల్లవాడు దాటవలసిన దూరాన్ని కిలోమీటర్లలో కొలవలేం.

ఇంజనీరింగు చదువు విద్యార్థిని ప్రధానంగా మూడు అడుగుతుంది. ఒకటి గణితం. రెండోది వస్తువును పైనుంచీ, ముందునుంచీ, పక్కనుంచీ ఊహించి కాగితం మీద గీయగల చూపు. మూడోది భాష. తెలుగు మాధ్యమంలో ఇంటర్మీడియట్ చదివి ఇంజనీరింగులో చేరిన నాకు ఈ మూడోదాని బరువు బాగా తెలుసు. ప్రతిబలం, వికృతి అని అర్థం చేసుకున్న విషయాలే స్ట్రెస్, స్ట్రెయిన్ అన్న పేర్లతో ఎదురైతే మొదటి ఏడాది సగం రోజులు పాత చుట్టాలను కొత్త బట్టల్లో గుర్తుపట్టడానికే సరిపోయాయి. 1986లో మొదలైన ఎంసెట్‌లో ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉండేది. ఆ గుమ్మం దాటాక మొదటి పాఠం నుంచీ అంతా ఇంగ్లీషే.

నాకు అది ఒక్క మెట్టు. అరకు పిల్లవాడికి అది రెండోది. అక్కడ కొండదొరల భాష కొండ, దానికి కూబి అని మరో పేరు. కోదుల భాష కువి. వేర్వేరు తెగలవాళ్ళు కలిసే సంతల్లో ఆదివాసీ ఒడియా వినిపిస్తుంది. కొండ, కువి మన తెలుగుకు అక్కచెల్లెళ్ళే. భాషాశాస్త్రజ్ఞులు వాటిని తెలుగుతో పాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో చేరుస్తారు. అక్కచెల్లెళ్ళయినంత మాత్రాన ఒకరి పుస్తకం మరొకరికి అర్థం కాదు గదా! ఇంట్లో కువి మాట్లాడే పిల్లవాడికి ఒకటో తరగతిలోనే తెలుగు అనే పరాయి భాష ఎదురవుతుంది. అందులో కుదురుకునేసరికి ఇంగ్లీషు వస్తుంది.

ఇది ఇవాళ కొత్తగా తెలిసిన విషయం కాదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడి ప్రాంతంలో సవరభాష నేర్చుకొని, సవరపిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని పాటుపడ్డారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. అరకు ప్రాంతంలో పరిశోధించి భద్రిరాజు కృష్ణమూర్తిగారు రాసిన కొండభాషా వ్యాకరణం 1969లో అచ్చయింది. ఒకే దశాబ్దంలో అదే కొండల్లో ఒకవైపు రైలుమార్గం, మరోవైపు వ్యాకరణం! రైలుమార్గం మీద నాటినుంచి నేటిదాకా ఖనిజం దిగుతూనే ఉంది. వ్యాకరణం మాత్రం చాలాకాలం ఒకటో తరగతి గది దాకా చేరలేదు.

2000ల తొలి సగంలో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియాలతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రభుత్వం వాచకాలు తయారు చేయించింది. 2020లో కురుపాంలో గిరిజన ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన జరిగింది. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషల్లో ఇంజనీరింగు బోధనకు అనుమతించింది. అన్నీ మంచి పనులే. కాకపోతే తెలుగు మాధ్యమంలో ఇంజనీరింగు నావంటివాడికి ఇల్లు. కువి పిల్లవాడికి అది కూడా పొరుగిల్లే.

ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు పెడితే ఒక మెట్టు తగ్గుతుంది గదా అని కొందరు మిత్రులు వాదిస్తారు. మెట్టు తీసేసినంత మాత్రాన ఎత్తు తగ్గదు. మిగిలిన మెట్టు రెట్టింపవుతుంది. కూడికా తీసివేతా ఇంటి భాషలో అర్థమైన పిల్లవాడికి సమాకలనం ఏ భాషలో చెప్పినా ఏదో ఒకరోజు లొంగుతుంది. కూడికనే అర్థంకాని మాటల్లో బట్టీ పట్టినవాడికి ఆ లోటు పూడ్చడం నాలుగేళ్ళ కోర్సు వల్ల కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగలకు ఆరు శాతం సీట్లున్నాయి. అది కళాశాల తలుపు తీస్తుంది. ఆ తలుపు దాకా నడిచే బలం మాత్రం ఒకటో తరగతిలో, అమ్మ మాట్లాడే భాషలోనే రావాలి. గిరిజన ఇంజనీరింగు కళాశాల పునాది కురుపాంలో పడితే సరిపోదు, కొండమీది ప్రతి ప్రాథమిక పాఠశాలలోనూ పడాలన్నది నా అభిప్రాయం. ఆ వైపు పనిచేసిన ఉపాధ్యాయులు మీలో ఎవరైనా ఉంటే, తరగతి గదిలో చూసింది చెప్పండి. వినాలని ఉంది.