మూసీ దిగువ రైతులకు: నీటి కాలుష్యాన్ని సూక్ష్మజీవులతో తెలుసుకోండి

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ మురుగు చివరికి చేరేది మూసీలోకే. దిగువన వరి, పశుగ్రాసం, ఆకుకూరలు వేసే రైతులు ముందుగా తమ బావి, బోరు నీటిని పరీక్షించుకోవాలి.

ఇందుకు హెచ్‌2ఎస్ సీసా చాలు. గ్వాలియర్ రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించిన పద్ధతి ఇది. గీత వరకు నీరు పోసి, మూత బిగించి నీడలో ఉంచండి. మలంతో వచ్చే బ్యాక్టీరియా ఉంటే అవి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వదులుతాయి. అది సీసాలోని ఇనుముతో కలిసి నీరు నల్లబడుతుంది. 24 నుంచి 48 గంటలు ఆగాలి. చలికాలంలో ఇంకా ఆలస్యం కావచ్చు, తొందరపడి బాగుందనుకోవద్దు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే బోరు నీరైతే మలం కలవకున్నా నల్లబడవచ్చు.

నల్లబడిన నీటిని తాగొద్దు, దాంతో కొత్తిమీర, పుదీనా కడగొద్దు. వాడిన సీసాలో క్రిములు బాగా పెరిగి ఉంటాయి. పిల్లలకు అందనీయకండి, బ్లీచింగ్ పౌడరు వేశాకే పారబోయండి.

ఫ్యాక్టరీ రసాయనాలు, భారలోహాలు మాత్రం ఈ సీసాకు చిక్కవు. వాటికి ప్రయోగశాలల్లో సముద్రపు మెరిసే బ్యాక్టీరియాను వాడతారు. విషం తగిలితే దాని వెలుగు తగ్గుతుంది. బీఓడీ పరీక్షలోనూ సూక్ష్మజీవులదే పని: 27 డిగ్రీల వద్ద 3 రోజుల్లో అవి వాడుకున్న ఆక్సిజన్‌ను కొలుస్తారు. సాగుభూమికి వదిలే వ్యర్థజలంలో అది లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు.