నూరుమైళ్ళ పునాది

1960 సెప్టెంబరు 2వ తేదీన రోము ఒలింపిక్ క్రీడలలో సుమారొక గంట వ్యవధిలో న్యూజీలాండునకు రెండు స్వర్ణపతకములు లభించెను. 800 మీటర్ల పరుగులో పీటర్ స్నెల్, 5,000 మీటర్ల పరుగులో మరీ హాల్‌బర్గ్ విజేతలైరి. హాల్‌బర్గ్ ఎడమచేయి రగ్బీ ఆటలో దెబ్బతిని సత్తువ కోల్పోయినది. ఆ ఇరువురికి గురువు ఆర్థర్ లిడియార్డ్; ఆక్లండులో పాదరక్షల కర్మాగారమున పనిచేసినవాడు.

ఆ కాలమున పెక్కుమంది కొద్దిపాటి దూరములను అతివేగముగా మరల మరల పరుగెత్తుటయే సాధనగా నెంచిరి. లిడియార్డ్ అట్లు తలపలేదు. ఎంత దూరము మేలు చేయునో, ఎంత దూరము కీడు చేయునో తానే ఏండ్ల తరబడి పరుగెత్తి తెలిసికొనెను. పిదపనే శిష్యులకు బోధించెను. తొలి నెలలలో వారమునకు సుమారు 100 మైళ్ళు నిలకడగా పరుగెత్తవలెను. ఆదివారము వైటాకెరె కొండదారిలో 22 మైళ్ళు. పిదప కొండవాలు నెక్కు పరుగులు, ఆపైన వేగాభ్యాసము, పోటీకి ముందు శ్రమ తగ్గింపు. రెండు నిమిషములైనను పట్టని పరుగునకు స్నెల్ సైతము ఇట్లే సిద్ధపడెను. దీర్ఘమైన పరుగు గుండెను బలపరచును, కండరములలో సూక్ష్మ రక్తనాళములను పెంచును; అప్పుడే దేహము వేగాభ్యాసమును తాళగలదు.

1964లో టోక్యోలో స్నెల్ 800, 1,500 మీటర్ల పరుగులు రెండును గెలిచెను. లిడియార్డ్ 2004లో కన్నుమూసెను.

పరుగు నేర్పు మన గురువులు ఆయననుండి గ్రహింపవలసినది నూరు అను సంఖ్య కాదు, ఆ క్రమము. లేతవయసు బాలునిపై ఒక్కసారిగా నూరుమైళ్ళు మోపినచో వాడు పరుగునే విడిచిపెట్టును.