షార్క్ లేడీ వెనక యూజినీ క్లార్క్

యూజినీ క్లార్క్ 2015 ఫిబ్రవరిలో, 92 ఏళ్ళ వయసులో చనిపోయినప్పుడు పత్రికలు ఆమెని 'షార్క్ లేడీ' అనే తలుచుకున్నాయి. ఆ పేరులో అభిమానం ఉంది, ఆమె కూడా దాన్ని కాదనలేదు. కానీ ఆ మాట వినగానే కళ్ళముందుకొచ్చే బొమ్మ ఏమిటి? నోరు తెరిచిన సొరచేప, దాని ఎదుట ఒక ఆడమనిషి. అందులో భయం ఉంది, సాహసం ఉంది. శాస్త్రం మాత్రం లేదు. నిజానికి ఆమె పరిశోధనలో చాలాభాగం జానెడు కూడా ఉండని చేపల మీద సాగింది. పగడపు దిబ్బల సందుల్లో, వాటి పక్క ఇసకలో బతికే చేపలు. ఒక జాతి ఇంకో జాతి నుంచి ఎలా వేరుపడింది, వేరుపడ్డాక మళ్ళీ కలిసిపోకుండా దాన్ని ఆపుతున్నదేమిటి, ఆడ మగ అనే గీత చేపల్లో ఎంత గట్టిది - ఈ ప్రశ్నల వెంట ఆమె దాదాపు డెబ్బై ఏళ్ళు తిరిగింది.

1922లో న్యూయార్క్‌లో పుట్టింది. రెండేళ్ళయినా నిండకముందే తండ్రి పోయాడు. తల్లి యుమికో మితోమి జపనీస్ సంతతి మనిషి, ఒక క్లబ్బులో పత్రికలూ చుట్టలూ అమ్మే స్టాలులో పనిచేసేది. శనివారాలు తల్లి పనిలో ఉంటే తొమ్మిదేళ్ళ పిల్ల దగ్గర్లోని అక్వేరియంలో, అద్దాలకి ముక్కు ఆనించి గడిపేది. శాస్త్రవేత్తల జీవితకథల్లో ఇలాంటివి ముద్దుగా చెప్తారు. నాకు మాత్రం ఇందులో, పనిచేసుకునే ఒంటరి తల్లికి బిడ్డని వదలడానికి ఇంకో చోటు లేకపోవటం కనిపిస్తుంది. ఆ అక్వేరియం ఒక బాలబడి లాంటిది, అంతే. అందులోంచి ఒక జీవశాస్త్రవేత్త రావటం మన అదృష్టం.

హంటర్ కాలేజి ఆ రోజుల్లో ఆడపిల్లల కాలేజి, ఫీజు లేని కాలేజి. అక్కడ 1942లో డిగ్రీ పూర్తి చేసింది. పై చదువుకి కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళితే, పెళ్ళి చేసుకుని పిల్లల్ని కని ఈ చదువంతా వదిలేస్తావు కదా, నీ మీద పెట్టిన శ్రమ వృథా అన్న ధోరణిలో మాట్లాడారని తరవాతి కాలంలో ఆమె చాలాసార్లు చెప్పింది. ఈ లెక్క మనకి కొత్తది కాదు. మన ఇళ్ళల్లో ఎవరో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఈ లెక్క అప్పజెప్పే ఉంటారు. ఆమె పగలు ఒక ప్లాస్టిక్కుల కంపెనీలో కెమిస్టుగా పనిచేస్తూ, న్యూయార్క్ యూనివర్సిటీలో సాయంత్రపు తరగతులకి వెళ్ళింది. 1946లో ఎం.ఏ. అయింది.

మొదటి పెద్ద పని ప్లెక్టోగ్నాథి అనే వర్గం మీద. ఒళ్ళు బంతిలా ఉబ్బించుకునే పఫర్ చేపలు, పెట్టెలాంటి గట్టి కవచమున్న బాక్స్ చేపలు, ట్రిగ్గర్ చేపలు ఇందులోకి వస్తాయి. పైకి ఒకదానికొకటి పోలికే ఉండదు. వీటి కడుపులు కోసి, పేగులూ పిత్తాశయమూ అన్నీ పోల్చి చూసి, ఎవరు ఎవరికి దగ్గర చుట్టమో చెప్పాలి. చార్లెస్ బ్రెడర్‌తో కలిసి ఆమె 1947లో ఈ వ్యాసం ప్రచురించింది. పఫర్ చేప గాలి కన్నా నీళ్ళు మింగి ఉబ్బుతుంది, ఆ నీళ్ళు పట్టేది దాని జీర్ణాశయంలోనే. జీర్ణం చేయాల్సిన అవయవం ఆ పని మానేసి ప్రాణరక్షణకి కుదురుకుంది. పరిణామం ఎలా పనిచేస్తుందో అర్థం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కొత్త వస్తువు తయారవలేదు, ఇంట్లో ఉన్న గిన్నెనే ఇంకో పనికి వాడుకున్నట్టు.

స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో ఏడాది పనిచేసి, అక్కడే నీళ్ళలోకి దిగడం నేర్చుకుంది. అదే సంస్థ ఆ రోజుల్లో రాత్రిళ్ళు సముద్రంలో ఉండే ఓడ ప్రయాణాలకి ఆడవాళ్ళని రానిచ్చేది కాదు. 1947లో ఫిలిప్పీన్స్ చేపల సర్వేకి అమెరికా ప్రభుత్వ మత్స్యశాఖ ఆమెని తీసుకుంది. దారిలో హవాయి దగ్గర ఆపేశారు. తల్లి జపనీస్ కనక ఎఫ్.బి.ఐ. విచారణ జరపాలట. యుద్ధంలో అమెరికా తన పశ్చిమ తీరం నుంచి లక్షకి పైగా జపనీస్ సంతతి మనుషుల్ని నిర్బంధ శిబిరాలకి తరలించి అప్పటికి అయిదేళ్ళే అయింది. ఎదురుచూసి ఎదురుచూసి ఆమె రాజీనామా చేసింది. ఆ ఉద్యోగం ఒక మగవాడికి వెళ్ళింది. ఆడదాన్న లెక్క ఒకటి, జాతి లెక్క ఇంకొకటి. రెండిట్లో ఏది ఆ తలుపు మూసిందో విడదీసి చెప్పటం కష్టం. బహుశా విడదీయకూడదేమో కూడా.

1949లో నౌకాదళ పరిశోధన కార్యాలయం డబ్బుతో మైక్రొనీషియా వెళ్ళింది. గువామ్, మార్షల్ దీవులు, పలావ్. విషచేపలు సేకరించటం పని. వాటిలో మార్షల్ దీవులు, పలావ్ యుద్ధంతో అమెరికా ఏలుబడిలోకి వచ్చాయి. 1946లోనే మార్షల్ దీవుల్లోని బికినిలో అణుబాంబు పరీక్షలు మొదలయ్యాయి. ఏ చేప తింటే సైనికుడు చస్తాడో తెలుసుకోవటం నౌకాదళానికి అవసరం. ఆమె అవసరం వేరు: ఆ చేపల్ని బతికుండగా, వాటి ఇంట్లో చూడటం. ఆ డబ్బు ఎక్కడిదో మర్చిపోయి ఈ ప్రయాణాన్ని ఒక స్త్రీ విజయంగా మాత్రమే చెప్పుకోవటం నాకు ఇష్టం లేదు. పలావ్‌లో సియాకాంగ్ అనే జాలరి ఆమెకి నీటి అడుగున ఈటెతో చేప పట్టడం నేర్పాడు. 1953లో వచ్చిన ఆమె ఆత్మకథ 'లేడీ విత్ ఎ స్పియర్' పేరులోని ఈటె అతని విద్య. పుస్తకంలో అతని గురించి ఆమె ప్రేమగా రాసింది. అయినా పేరులో లేడీ ఉంది, ఈటె ఉంది, జాలరి లేడు.

1950లో పిహెచ్.డి. వచ్చింది. ఆ సిద్ధాంతం మంచినీటి చేపల మీద. మెక్సికో వాగుల్లో ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనే రెండు జాతులు ఒకే చోట బతుకుతాయి, కానీ కలవవు. అద్దాల తొట్టిలో పెడితే కలిసి సంకర సంతానాన్ని కంటాయి. మరి వాగులో ఎందుకు కలవవు? చేపల్లో కృత్రిమ గర్భధారణ పద్ధతి ఒకటి రూపొందించి, ఆమె దీన్ని పరీక్షించింది. రెండు జాతుల వీర్యాన్నీ కలిపి ఎక్కిస్తే సొంత జాతి వీర్యానిదే పైచేయి అవుతోంది. అంటే అడ్డుగోడ నడవడికలో ఉంది, శరీరం లోపల కూడా ఉంది.

1951లో ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ మీద ఎర్ర సముద్రం ఒడ్డున ఈజిప్టు పట్టణం గర్దఖాలోని సముద్ర జీవశాస్త్ర కేంద్రానికి చేరింది. దాదాపు 300 జాతుల్ని సేకరించింది. కేంద్రం డైరెక్టరు హమీద్ గోహర్‌తో కలిసి ఎర్ర సముద్రపు ప్లెక్టోగ్నాథి మీద 1953లో గ్రంథం తెచ్చింది. అదే ఏడాది ఆత్మకథ కూడా వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. రెండు పుస్తకాల్లో ఏది ప్రపంచానికి చేరిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఆత్మకథే ఆమెకి ప్రయోగశాల తెచ్చింది. అది చదివిన వాండర్‌బిల్ట్ కుటుంబం 1955లో ఫ్లారిడాలో తమ స్థలంలో కేప్ హేజ్ ప్రయోగశాల పెట్టించి ఆమెని డైరెక్టరుని చేసింది. విశ్వవిద్యాలయాలు ఇవ్వని చోటు ఒక ధనవంతుల కుటుంబం ఇచ్చింది. మొదట్లో అదొక చిన్న చెక్క షెడ్డు. స్థానిక జాలరి బెరిల్ చాడ్విక్ సహాయకుడు. తెరిచిన కొత్తల్లోనే వైద్య పరిశోధన కోసం సొరచేప కాలేయాలు కావాలని ఒక డాక్టరు అడిగాడు. సొరచేపలు ఆమె జీవితంలోకి ప్రధానంగా అడుగుపెట్టింది అలా, 33వ ఏట.

1952 నుంచి 1958 మధ్య ఆమెకి నలుగురు పిల్లలు. నాలుగోబిడ్డ పుట్టిన మరుసటి ఏడు, 1959లో, 'సైన్స్' పత్రికలో ఆమె వ్యాసాలు రెండు వచ్చాయి. కొలంబియాలో చెప్పిన లెక్కకి జవాబు ఇంతకంటే ఏం కావాలి! ఒకటి నిమ్మరంగు సొరచేపలకి శిక్షణ ఇవ్వటం గురించి: పలకని ముక్కుతో నొక్కితే తిండి దొరుకుతుందని అవి నేర్చుకున్నాయి. సొరచేపకి బుద్ధి లేదన్న నమ్మకం దీంతో చెదిరింది. రెండోది సెరానస్ సబ్లిగేరియస్ అనే చిన్న చేప గురించి. లోకం గుర్తుపెట్టుకున్నది మొదటిదాన్ని. నాకు రెండోదే గొప్పగా తోస్తుంది.

ఈ సెరానస్ ఫ్లారిడా తీరంలో రాళ్ళ దగ్గర తిరుగుతుంటుంది. ఏది పట్టి కోసినా కడుపులో గుడ్లే. మగచేపలు ఏవి? ఎంత వెతికినా దొరకలేదు. చివరికి తేలిందేమిటంటే ప్రతి చేపలోనూ అండాలూ ఉన్నాయి, వీర్యమూ ఉంది, రెండూ ఒకేసారి పనిచేస్తున్నాయి. ప్రయోగశాలలో ఒంటరిగా ఉంచిన చేప తన గుడ్లని తనే ఫలదీకరించుకోగలిగింది. సముద్రంలో మాత్రం మామూలుగా జంటలుగానే కలుస్తాయి. ఒకటి గుడ్లు విడిస్తే రెండోది వీర్యం విడుస్తుంది. ఒంటి రంగూ చారలూ క్షణాల్లో మార్చుకుని పాత్రలూ మార్చుకుంటాయి. వంతులవారీగా గుడ్లు పంచుకునే ఈ పద్ధతి పరిణామంలో ఎలా నిలబడిందన్నది 1980ల నుంచి శాస్త్రవేత్తలకి పెద్ద చర్చ అయింది.

లింగం మారే చేపలు మనకీ తెలుసు, తెలియకుండా తెలుసు. కోస్తాలో పండగకీ పెళ్ళికీ వండుకునే పండుగప్ప మగగా పెరిగి కొన్నేళ్ళకి ఆడగా మారుతుంది. సెరానస్ ఇంకో అడుగు ముందుకేసి, మారాల్సిన పని కూడా పెట్టుకోలేదు. చేపలు ఇలా ఉన్నాయి కనక మనుషులూ ఇలాగే ఉండాలని నేను అనను. ప్రకృతి పేరు చెప్పి ఆడవాళ్ళని వంటింట్లో కూర్చోబెట్టిన వాదానికి అది తిరగేసిన రూపం. కానీ 'ప్రకృతి సహజం' అనే మాటని ఎవరన్నా మన మీదకి విసిరినప్పుడు, ఏ ప్రకృతి అని అడగడానికి ఈ చిన్న చేప చాలు. క్లార్క్ అలాంటి వ్యాఖ్యలేవీ ఆ వ్యాసంలో చేయలేదు. రెండు పేజీల్లో చూసింది చూసినట్టు రాసి ఊరుకుంది.

1967లో పిల్లల తండ్రితో విడాకులయ్యాయి. 1968లో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడే 1990ల దాకా పాఠాలు చెప్పింది. వదిలివచ్చిన ప్రయోగశాల ఇప్పుడు మోట్ మెరైన్ లేబొరేటరీగా పెద్ద సంస్థ అయింది. 1970లలో మళ్ళీ ఎర్ర సముద్రం. అక్కడ ఒక చదును చేప ఉంటుంది. మూసా ప్రవక్త సముద్రాన్ని చీల్చినప్పుడు ఇది కూడా రెండు బద్దలై సగం చేపగా మిగిలిందని అరబ్బులు చెప్పుకుంటారు, పేరు కూడా మూసా చేపే. రెక్కల మొదట్లోని గ్రంథుల నుంచి పాలలాంటి ద్రవం కారుతుంది. దాన్ని కరవబోయిన సొరచేప దవడ మూయలేక తల విదిలించుకుంటూ పారిపోయింది. పరుగెత్తలేని, ఇసకలో పడుండే చేప తనని తాను ఎలా కాపాడుకుందన్నది ఆమె ప్రశ్న. పత్రికలకి మాత్రం సొరచేపల్ని తరిమే మందు దొరికిందన్నదే వార్త. మందుగా అది నిలవలేదు, త్వరగా పాడైపోయేది. 1975లో 'జాస్' సినిమా వచ్చాక ఇక ఎవరూ ఆమెని చిన్న చేపల గురించి అడగలేదంటే ఆశ్చర్యం లేదు.

ఆ కీర్తిని ఆమె ఉపయోగించుకుంది కూడా. ఎర్ర సముద్రపు దిబ్బలని కాపాడమని ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ని అడిగినవాళ్ళలో ఆమె ఉంది. 1983లో రాస్ మొహమ్మద్ ఆ దేశపు మొదటి జాతీయ పార్కు అయింది. షార్క్ లేడీ కాకపోతే ఆ తలుపు తెరుచుకునేదా? పేరు తెచ్చిన నష్టం గురించి ఇంతసేపు రాశాక ఈ లాభం కూడా చెప్పాలి.

ఇసకలోకి దూకి మాయమయ్యే ఒక ఎర్ర సముద్రపు చేపకి ఆమె 1966లో తన చిన్నకొడుకు పేరు పెట్టింది: ట్రైకోనోటస్ నికీ. ఆమె పోయాక 2018లో ఒక సొరచేపకి శాస్త్రవేత్తలు ఆమె పేరు పెట్టారు, స్క్వాలస్ క్లార్కే. మళ్ళీ సొరచేపే!

ఎనభై దాటాక ఆమె వెంటపడింది పసిఫిక్ దిబ్బల్లోని కాన్విక్ట్ చేప. తల్లీతండ్రీ దిబ్బ కింద సొరంగం తవ్వుకుని అందులోనే ఉండిపోతాయి. వేలకొద్దీ పిల్లలు పొద్దున్నే బయటికి వెళ్ళి మేసి సాయంత్రానికి సొరంగంలోకి తిరిగొస్తాయి. పెద్దచేపలు పిల్లల్ని నోట్లోకి తీసుకుని మళ్ళీ బయటికి ఊదుతుంటాయి. బయటికి రాని ఆ పెద్దచేపలు ఏం తిని బతుకుతున్నాయి? సొరంగంలోకి సన్నని కెమెరాలు పంపి, గంటలకొద్దీ ఆ ద్వారం దగ్గర నీళ్ళలో వేలాడుతూ, ఆమె ఆ ప్రశ్న అడుగుతూ ఉండింది.