అభయశాసనము – అనుమతిపత్రము

ఓరుగల్లు కోటను చూడబోయిన వారు, రాతికోట ద్వారము వద్ద దారి తిన్నగా లోనికి సాగక బురుజుల నడుమ చటుక్కున ప్రక్కకు మళ్లుటను గమనించియే యుందురు. మట్టికోటను దాటినవానికి సైతము రాతికోటలో ప్రవేశము సులభము కాదు. కాకతీయ రాజు గణపతిదేవుని కాలమున ఆరంభమై రుద్రమదేవి కాలమున దృఢపడిన నిర్మాణమది. ఇంత జాగరూకతతో కోటను కట్టించిన ఆ గణపతిదేవుడే పరదేశ వర్తకులకు తీరమును తెరచినవాడు. శకవర్షము 1166న, అనగా క్రీ.శ. 1244–45లో, మోటుపల్లి రేవున అతడు వేయించిన అభయశాసనము, తుపానుకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండిరని చెప్పి, తాను మాత్రము ప్రాణముల నొడ్డి సముద్రము దాటివచ్చిన వారినుండి నియతమైన సుంకము తప్ప వేఱేమియు గ్రహింపనని ప్రతిజ్ఞ చేయుచున్నది. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, మిరియములు మొదలగు సరకులకు సుంకమెంతయో అందు వేర్వేరుగా చెక్కబడినది. అభయమునకు హద్దులను ముందుగానే లోకమునకు తెలుపుట ఆ శాసనమందలి ఘనతయని నా విశ్వాసము.

ఏడున్నర శతాబ్దముల తరువాత, బయటినుండి వచ్చిన దానిని ఎంతవఱకు నమ్మవచ్చునను ఈ చిక్కే కంప్యూటరులయందు తలయెత్తినది. అంతవఱకు ప్రోగ్రాములు ఫ్లాపీలలోను సీడీలలోను వచ్చుచుండగా, తెలిసినవాడొకడు ఒక్కొక్క యంత్రము ముందు కూర్చుండి వానిని ఎక్కించుచుండెను. వెబ్బు వచ్చిన పిమ్మట, ఒక్క లంకెను నొక్కినంతనే ఎక్కడిదో ప్రోగ్రాము మన యంత్రమున నడువసాగెను. 1996లో వెలువడిన తొలి జావా అట్లు వచ్చిన చిన్న ప్రోగ్రామును, అనగా ఆప్లెట్‌ను ఇఱుకైన ఆవరణమున బంధించి, మన ఫైళ్లను ముట్టరాదనియు, తాను వచ్చిన సర్వరుతో తప్ప మఱొకదానితో సంబంధము పెట్టుకొనరాదనియు శాసించెను. ఆ యేడే మైక్రోసాఫ్టువారు ఆక్టివ్‌ఎక్స్‌తో వేఱు దారి పట్టిరి: ప్రచురణకర్త డిజిటల్ సంతకమును చూపి, సమ్మతియా యని అడిగి, ఔనన్నచో సర్వాధికారములను ఇచ్చివేయుటయే వారి పద్ధతి. మొదటి దానిలో జమాఖర్చుల ప్రోగ్రామైనను నడపుట కష్టముగా నుండెను. రెండవ దానిలో ఒక్క తొందరపాటుకు యంత్రమంతయు పరాధీనమగుచుండెను.

2002లో మైక్రోసాఫ్టువారి ప్రోగ్రాముల వేదికయైన డాట్ నెట్ తొలి కూర్పు వెలువడినది. ప్రోగ్రాము ఏ ప్రదేశమునుండి వచ్చెనను దానిని బట్టి అధికారములను పంచుట అందలి విశేషము: సొంత యంత్రములోనిదైనచో సర్వాధికారము, కార్యాలయపు నెట్‌వర్కులోనిదైనచో కొంత, ఇంటర్నెట్టు నుండి వచ్చినదైనచో మిక్కిలి స్వల్పము. దీనివలన ఒక వింత కలిగినది. డిస్కులో నుంచినపుడు చక్కగా నడచిన ప్రోగ్రామే, ఒక్క అక్షరమును మారకుండ, కార్యాలయపు ఉమ్మడి ఫోల్డరునుండి తెరచినంతనే భద్రతాదోషమని తెరపై సందేశము చూపి ఆగిపోవుచుండెను. ఎందఱో ప్రోగ్రామరులు తమ కోడులో లేని తప్పును రాత్రులు మేల్కొని వెదకిరి. 2008లో గాని ఆ బాధ తీరలేదు.

2005లో డాట్ నెట్ 2.0తో వచ్చిన, వెబ్బునుండి ప్రోగ్రాములను ఎక్కించు ఏర్పాటైన క్లిక్‌వన్స్‌ను నేను మోటుపల్లి శాసనము సరసన నిలుపుదును. దానిలో ప్రోగ్రాముతోపాటు సంతకము చేసిన పట్టిక యొకటి వచ్చును. తనకు ఏ యే అధికారములు వలయునో ప్రోగ్రామే అందు ముందుగా చెప్పుకొనవలెను. ఇంటర్నెట్టునుండి వచ్చినది స్వయముగా ఫైలును తెరువజాలదు గాని, యజమాని తన చేతితో ఎంచి ఇచ్చిన ఫైలును చదువవచ్చును. అంతకు మించి కోరినచో, పేరు, ప్రచురణకర్త, వచ్చిన చోటు తెలుపు చిన్న కిటికీ తెరపై నిలిచి అనుమతి నడుగును. సంతకము గుర్తింపబడనిదైనచో ప్రచురణకర్త ఎవరో తెలియదని అందే కనబడును. కార్యాలయములందు నిర్వాహకుడు నమ్మదగిన ప్రచురణకర్తలను ముందే నమోదు చేసినచో ఆ ప్రశ్నయే రాదు.

ఇంత యోచించి కట్టిన ఏర్పాటు ఆచరణమున నిలువలేదు. హద్దులకు లోబడి వ్రాయుట కష్టమని తోచి, ప్రోగ్రామరులు పలువురు పట్టికలో సంపూర్ణ విశ్వాసమునే కోరుచు వచ్చిరి. పనితొందరలో నున్నవాడు కిటికీలోని మాటలు చదువకయే బొత్తామును నొక్కెను. నా దృష్టిలో దోషము నొక్కినవానిది కాదు. ఏ ఫైళ్లకు, ఏ అధికారములకు ముప్పో స్పష్టముగా చెప్పక, నమ్ముదువా లేదా యని మాత్రమే అడిగిన ఆ ప్రశ్నది. 2010లో డాట్ నెట్ 4 ఆ ప్రదేశవిభజనను విడిచినది. జావాలో ఇట్టి ఏర్పాటే యైన, 2001లో పుట్టిన జావా వెబ్ స్టార్ట్‌ను 2018లో జావా 11 తొలగించినది. క్లిక్‌వన్స్ మాత్రము ఇప్పటికిని కార్యాలయముల లోపలి పనులకు వాడుకలో నున్నది.

సంతకము ఎవరిదో తెలుపునే గాని, ఎంతవఱకు చేయనీయవలెనో తెలుపదు. 2011లో ఆరంభమైన మీసేవ వలన తహశీల్దారు డిజిటల్ సంతకముతో కూడిన ధ్రువపత్రములు వరంగల్లు ప్రజలకును పరిచితములైనవి. అందు సంతకమే చాలును, ఏలయన కాగితము దానంతట అది ఏ పనియు చేయదు. నడచునట్టి ప్రోగ్రాము మాట వేఱు. దానికి అధికారముల పట్టిక తప్పదను భావము 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో మరల బలపడినది: అంతకు మునుపు స్థాపించునపుడే అన్నిటిని ఒక్కసారిగా కోరుచుండిన యాప్‌లు, అప్పటినుండి కెమెరా కావలసినపుడు కెమెరాను, చిరునామాలు కావలసినపుడు చిరునామాలను వేర్వేరుగా అడుగవలసి వచ్చినది, వలదన్నను తక్కిన పని చాలవఱకు సాగును.